ఫొటో చూసి కుమ్మరి కందిరీగను గుర్తుపట్టడం ఎలా: ముందు నడుము, చివర రంగు

సన్‌షేడ్ కింద, కిటికీ గ్రిల్ మూలలో, బోరు మోటారు స్టార్టర్ డబ్బా వెనక మట్టితో బుల్లి కూజాలు కట్టే కందిరీగను చాలామంది చూసే ఉంటారు. ఫోన్‌తో ఒక ఫొటో కొట్టి పేరేంటని అడిగితే మాత్రం తలో పేరు చెబుతారు, ఎందుకంటే అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ అందరూ మొదట చూసేది రంగు. ఎర్రగా ఉంటే ఒక పేరు, పసుపు చారలుంటే ఇంకో పేరు. ఈ కందిరీగల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఆ రంగే. అందుకే ఇక్కడ వరస తిరగేద్దాం: ముందు ఆకారం పట్టుకుని ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్) దాకా వెళ్ళాలి, ఆ తర్వాతే రంగు చూడాలి, అప్పటికీ తేలకపోతే అక్కడే ఆగిపోవాలి. ఆగిపోవడం కూడా గుర్తించడంలో భాగమే, దానికి నామోషీ పడక్కర్లేదు.

కుమ్మరి కందిరీగల ఉపకుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 3,000కు పైగా జాతులున్నాయి, అన్నిటి జోలికీ మనం వెళ్ళలేం. తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ళ దగ్గర, పొలాల దగ్గర ఫోన్‌కి చిక్కేవాటితో మొదలుపెడితే చాలు.

మొదటి మెట్టు: అసలు ఇది కుమ్మరి కందిరీగేనా?

రెక్కలు లెక్కపెట్టండి. కందిరీగకు నాలుగు, ఈగకు రెండు. ఇదేం పరీక్ష అనుకోకండి, సన్నని నడుము, పసుపు చారలు అన్నీ పెట్టుకుని అచ్చం కుమ్మరి కందిరీగలా తిరిగే ఈగలు ఉన్నాయి. ఫైసోసెఫాలా అనే ఈగ పువ్వు మీద వాలితే మొదటి చూపులో ఎవరైనా కందిరీగే అంటారు. ఫొటోలో రెక్కలు లెక్కపెట్టడం కుదరకపోతే కళ్ళు, మీసాలు చూడండి: ఈగల కళ్ళ లోపలి అంచులో నొక్కు ఉండదు, మీసాలు కూడా సాధారణంగా పొట్టి.

రెండోది రెక్కల మడత. కుమ్మరి కందిరీగ వాలి కూర్చున్నప్పుడు ముందు రెక్కను పొడవునా మడిచి పెట్టుకుంటుంది, ఉత్తరీయం మడిచి భుజాన వేసుకున్నట్టు. అందుకే రెక్క ఉండాల్సినదానికన్నా సన్నగా, ముదురు గీతలా కనిపిస్తుంది. కాగితం గూళ్ళు పెట్టే కందిరీగలూ హార్నెట్లనే పెద్ద కందిరీగలూ ఇదే కుటుంబం కాబట్టి అవీ ఇలాగే మడుస్తాయి. మట్టితోనే గూడు కట్టే ఇంకో రకం, శాస్త్రం పేరు సెలిఫ్రాన్, మడవదు. దాని రెక్కలు వీపు మీద చదునుగా, పూర్తి వెడల్పుతో ఉంటాయి. ఇళ్ళలో ఎక్కువ గందరగోళం ఈ సెలిఫ్రాన్‌తోనే, ఎందుకంటే "మట్టి గూడు కట్టింది కాబట్టి కుమ్మరి కందిరీగ" అని తీర్మానించేస్తారు.

సెలిఫ్రాన్‌ని పట్టించేవి ఇంకో రెండున్నాయి. ఒకటి కళ్ళు: కుమ్మరి కందిరీగ కంటికి లోపలి అంచులో స్పష్టమైన నొక్కు ఉంటుంది, సెలిఫ్రాన్ కంటికి ఆ నొక్కు ఉండదు. రెండోది నడుము కాడ: సెలిఫ్రాన్ కాడ మొదలు నుంచి చివర దాకా ఒకే మందంలో తీగలా ఉండి, ఆ తర్వాత పొట్ట ఒక్కసారిగా ఉబ్బుతుంది. మన దగ్గర మామూలుగా కనిపించే సెలిఫ్రాన్ మద్రాస్పటానమ్ నల్లటి ఒంటికి పసుపు కాడతో ఉంటుంది. ఆ పసుపు కాడ ఒక్కటి చూసి దాన్ని కుమ్మరి కందిరీగల జాబితాలో పడేస్తుంటారు.

ఇక ఒకే కుటుంబంలోని కాగితపు కందిరీగలు. వీటిని విడదీయడానికి నేను నమ్ముకునేది దవడలు. కుమ్మరి కందిరీగ దవడలు పొడుగ్గా, కత్తుల్లా ఉంటాయి. మూసినప్పుడు ఒకదాని మీద ఒకటి దాటడమో, రెండూ కలిసి కిందికి ముక్కులా పొడుచుకు రావడమో జరుగుతుంది, పక్కనుంచి తీసిన ఫొటోలో కూడా మొహం కింద ఆ ముక్కు కనిపిస్తుంది. కాగితపు కందిరీగలవి పొట్టి దవడలు, మొహం కిందే ముడుచుకుని ఉంటాయి. రోపాలిడియా మార్జినేటా అనే చిన్న ఎర్రగోధుమ కందిరీగతో జాగ్రత్త, దాని మొదటి కణుపు కూడా సన్నగా మొదలై ఉబ్బుతుంది, పైనుంచి తీసిన ఫొటోలో యూమెనెస్ అనే కుమ్మరి కందిరీగ అని పొరబడటం సులువు. బెంగళూరు ఐఐఎస్సీలో శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్‌కర్ దశాబ్దాల తరబడి పరిశోధించింది ఈ కందిరీగ మీదే. చుట్టుపక్కల అదే రకానివి ఇంకో నాలుగైదు కనిపించినా, దగ్గర్లో మూతల్లేని గదులతో కాగితపు గూడు వేలాడుతున్నా అది కాగితపు కందిరీగే, అనుమానం అక్కర్లేదు. కుమ్మరి కందిరీగ ఒంటరి జీవి.

రెండో మెట్టు: నడుము

ఇప్పుడు అసలు పని. ఛాతీ తర్వాత పొట్టలో మొదట కనిపించే కణుపు ఎలా ఉందో చూడండి. నిపుణులు కామెంట్లలో దీన్నే టీ1 అని, దాని వెనకదాన్ని టీ2 అని రాస్తుంటారు, ఆ రెండు గుర్తుపెట్టుకుంటే వాళ్ళు చెప్పేది సగం అర్థమైపోతుంది.

టీ1 సన్నని కాడలా ఉంటే ఒక గుంపు, వెడల్పుగా ఉండి టీ2కి సాఫీగా కలిసిపోతే ఇంకో గుంపు. కాడ ఉన్నవాటిలో మనకు తగిలేవి ముఖ్యంగా డెల్టా, యూమెనెస్. కాడ లేనివాటిలో రింకియం, ఆంటోడైనెరస్, అల్లోరింకియం లాంటివి చాలా ఉన్నాయి.

ఈ ఒక్క విభజనతోనే చాలా గొడవలు తీరిపోతాయి. ఉదాహరణకు రింకియం బ్రన్నియం ఎర్రగోధుమ ఒళ్ళు, పొట్ట మీద నల్ల పట్టీలు. డెల్టా కోనాయిడియం కూడా ఎరుపు, నలుపే. రంగు చూసి ఈ రెంటినీ ఒకటే అనేవాళ్ళు ఎందరో. పక్కనుంచి తీసిన ఒక్క ఫొటో ఉంటే వాదనే లేదు: రింకియం దిట్టంగా, ఛాతీ వెనకే పొట్ట అతుక్కున్నట్టు ఉంటుంది, డెల్టాకు మధ్యలో పొడుగాటి కాడ.

పైనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా దాగిపోవచ్చు. మడిచిన రెక్కలు సరిగ్గా నడుము మీదే పడతాయి, పైగా కందిరీగ పొట్టను కిందికి వంచి ఉంటే కాడ పొడవు సగానికి సగం తగ్గి కనిపిస్తుంది. అలాంటి ఫొటోలో కాడ "పొట్టిగా ఉంది" అని రాసేముందు పొట్ట ఎటు వంగిందో చూడండి.

డెల్టానా, యూమెనెస్‌నా?

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే.

రెంటికీ కాడ ఉంది. రెండూ కూజా కడతాయి. పాత పుస్తకాల్లో రెండూ యూమెనెస్ అనే పేరు కిందే ఉండేవి, కాబట్టి "యూమెనెస్ కోనికా" అని ఎక్కడైనా కనిపిస్తే అది ఇప్పటి డెల్టా కోనాయిడియమే. కీటక శాస్త్రవేత్తలు లాత్రెయ్ 1802లో యూమెనెస్‌ని, సొస్యూర్ 1855లో డెల్టాని వర్ణించినా పాత పేరు చాలా ఏళ్ళు వాడుకలో ఉండిపోయింది, నెట్‌లో ఇప్పటికీ పాత పేరుతో ఉన్న ఫొటోలు దొరుకుతాయి, వాటితో పోల్చి కంగారుపడొద్దు.

ఫొటోలో చూడాల్సింది కాడ ఎలా వెడల్పవుతోంది అన్నది. డెల్టా కాడ చాలా పొడవు, సన్నగా మొదలై చివర దాకా నెమ్మదిగా, నిదానంగా వెడల్పవుతుంది, ఎక్కడా హఠాత్తుగా ఉబ్బు రాదు. యూమెనెస్ కాడ అంత పొడవుండదు, కొంతదూరం సన్నగా వచ్చి అక్కణ్ణుంచి గబుక్కున ఉబ్బి గంట ఆకారంలోకి మారుతుంది. తర్వాత టీ2 వెనక అంచు: యూమెనెస్‌లో చాలావాటికి ఆ అంచున పల్చటి రేకు లాంటి పొర ఉంటుంది, మంచి మాక్రో ఫొటోలో వెలుతురు దాని గుండా కొద్దిగా కనబడుతుంది. డెల్టాలో అంచు మామూలుగా ముగుస్తుంది.

సైజు సాయం చేస్తుంది కానీ సాక్ష్యం కాదు. డెల్టాలు సాధారణంగా పెద్దవి, యూమెనెస్‌లు చిన్నవి, ఎక్కువగా నలుపు మీద పసుపు. కానీ కందిరీగ సైజు అది పిల్లగా ఉన్నప్పుడు తిన్న తిండిని బట్టి ఉంటుంది, తక్కువ మేత దొరికిన గదిలోంచి వచ్చినది అదే జాతిలో చిన్నదిగా ఉంటుంది. పైగా ఫొటోలో కొలత లేకపోతే "పెద్దది" అన్నమాటకు అర్థమే లేదు.

అడవి అంచుల్లో, కొండ ప్రాంతాల్లో తీసిన ఫొటో అయితే ఫైమెనెస్ అనే ఇంకోదాన్ని కూడా మనసులో ఉంచుకోండి. ఫైమెనెస్ ఫ్లావోపిక్టస్ నల్లటి ఒంటి మీద పసుపు గీతలతో, డెల్టా కన్నా నాజూగ్గా ఉంటుంది.

కాడ లేనివి

ఇది క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే ఫొటోతో ఇక్కడ అంత దూరం వెళ్ళలేం. రింకియం బ్రన్నియం పెద్దది, ఎర్రగోధుమ, కాబట్టి కొంత ధైర్యంగా చెప్పొచ్చు. ఒళ్ళంతా నలుపు, రెక్కలు కూడా ముదురుగా ఉంటే అల్లోరింకియం అని అనుమానించొచ్చు. మిగతా చిన్న నలుపు పసుపు కందిరీగల్లో ప్రజాతి తేల్చాలంటే టీ1 మీద అడ్డంగా గట్టు ఉందా లేదా, రెక్కల్లో గదుల ఆకారం ఏంటి, వీపు వెనక పలకకు ముళ్ళున్నాయా అన్నవి చూడాలి, ఇవన్నీ సూక్ష్మదర్శిని పని. ఆ అడ్డ గట్టు మాత్రం కొన్నిసార్లు మంచి ఫొటోలో కనబడుతుంది, కనబడితే తప్పకుండా రాయండి, చూసేవాళ్ళకు అది బంగారం.

మూడో మెట్టు: మగా, ఆడా?

జాతి జోలికి వెళ్ళేముందు ఇది తేల్చుకోవాలి, లేకపోతే ఒకే జాతి మగదాన్నీ ఆడదాన్నీ రెండు జాతులు చేసేస్తాం.

మీసం చివర చూడండి. మగ కుమ్మరి కందిరీగల్లో చాలావాటికి మీసం కొస కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. ఆడదానికి అలా ఉండదు. ఫొటో బాగా స్పష్టంగా ఉంటే మీసంలో ముక్కలు లెక్కపెట్టొచ్చు, మగదానికి 13, ఆడదానికి 12. పొట్టలో కనిపించే కణుపులు మగదానికి 7, ఆడదానికి 6. మొహం మధ్యలో కళ్ళ కింద ఉండే పలక మగవాటిలో చాలాసార్లు మొత్తం పసుపో తెలుపో, ఆడవాటిలో దాని మీద నల్ల మచ్చ ఉండొచ్చు. "మొహం పసుపు కాబట్టి వేరే జాతి" అనే వాదన ఎక్కువగా ఇక్కడ పుట్టేదే.

మట్టి మోస్తున్నా, పురుగును పట్టుకుని ఎగురుతున్నా అది ఆడదే, గూడు పని మొత్తం ఆడదే చేస్తుంది. పూల దగ్గర మాత్రం రెండూ ఉంటాయి. రేగుచెట్టు పూత మీద ఉన్నప్పుడు వెళ్ళి నిలబడితే మగా ఆడా కాదు, ఇక్కడ చెప్పిన సగం ప్రజాతులు ఒకే కొమ్మ మీద దొరుకుతాయి.

నాలుగో మెట్టు: ఇప్పుడు రంగు

డెల్టా అని తేలాక రంగు పనికొస్తుంది, అదీ కొంతవరకే. మన దగ్గర తరచూ పేర్లు వినిపించే డెల్టా పైరిఫార్మే, డెల్టా కోనాయిడియం, డెల్టా ఎస్యూరియెన్స్ మూడూ ఎరుపు, పసుపు, నలుపు అన్న మూడు రంగుల్నే వేర్వేరు పాళ్ళలో వాడుకున్నవి. అందుకే "ఎర్రగా ఉంది" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నది రాయాలి: టీ2 మీద నల్ల పట్టీ మొదట్లో ఉందా, మధ్యలో ఉందా, అంచు దాకా వచ్చిందా, కాడ మొత్తం ఒకే రంగా, చివర మారిందా, ఛాతీ పైభాగం నలుపా, దాని వెనక ఉన్న చిన్న పలక ఏ రంగు. నల్ల పట్టీ వెడల్పు ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి, మగా ఆడా బట్టి మారుతుంది, దాని స్థానం అంత తొందరగా మారదు. నేనైతే స్థానానికే ఎక్కువ విలువిస్తాను.

రంగు ఎందుకు మోసం చేస్తుందంటే, ఒకే ప్రాంతంలో ఉండే కుట్టే పురుగులు ఒకే యూనిఫాం వేసుకోవడం వాటికి లాభం. ఒక పక్షి ఒక ఎర్ర కందిరీగతో కుట్టించుకుంటే మిగతా ఎర్రవాటన్నిటినీ వదిలేస్తుంది. కాబట్టి చుట్టరికం లేనివి కూడా ఒకే రంగులోకి వస్తాయి. దీనికి తోడు మన ఫోన్లు: సాయంత్రం ఎండలో తీస్తే పసుపు నారింజ అవుతుంది, నీడలో తీస్తే ఎరుపు గోధుమ అవుతుంది, ఫోన్ తనంతట తాను రంగులు పెంచేస్తుంది. అదే ఫొటోలో తెల్లగోడ ఉంటే దాని రంగు చూడండి. గోడ పచ్చగా కనబడుతుంటే కందిరీగ పసుపును కూడా నమ్మకండి.

గూడు ఏం చెబుతుంది

చాలా చెబుతుంది, కానీ అప్పుడప్పుడు అబద్ధం కూడా చెబుతుంది.

యూమెనెస్ కట్టేది సాధారణంగా పుల్లకో, కాడకో, ఆకుకో అతికించిన ఒంటరి కూజా, మెడ, అంచు చక్కగా బయటికి విచ్చుకుని ఉంటుంది. డెల్టా గోడ మీద పక్కపక్కన కొన్ని కూజాలు కట్టి చివరికి అన్నిటి మీదా మట్టి మెత్తుతుంది, పని అయ్యాక చూస్తే ఎవరో గోడకేసి మట్టిముద్ద కొట్టినట్టు ఉంటుంది, మెడలు ఏవీ కనిపించవు. సెలిఫ్రాన్ పొడుగాటి గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి పైన మెత్తుతుంది. రింకియం బయట కూజాలేవీ కట్టదు, వెదురు బొంగులో, గోడకున్న కన్నంలో దూరి లోపల మట్టితో అడ్డుగోడలు పెట్టుకుంటుంది.

గూడు పగిలి ఉంటే లోపల చూడండి. సాలీళ్ళు కుక్కి ఉంటే సెలిఫ్రాన్. నున్నటి పచ్చపురుగులు ఉంటే కుమ్మరి కందిరీగ. ఇది ముందే కూజా పైకప్పుకు సన్నని దారంతో గుడ్డును వేలాడదీసి, ఆ తర్వాత పురుగుల్ని తెచ్చి నింపుతుంది. పురుగులు చచ్చి ఉండవు, కదల్లేక పడి ఉంటాయి. కందిరీగ పురుగును తెచ్చి చుట్టూ ఝుంకారం చేసి తనలా మార్చుకుంటుందన్న భ్రమరకీటక న్యాయం పుట్టింది ఇలాంటి గూళ్ళు చూసే. పాపం ఆ పురుగు మారదు, పిల్లకు భోజనమవుతుంది.

అబద్ధం ఎక్కడంటే, గూడు మీద కూర్చున్నదల్లా కట్టినది కాదు. తళతళలాడే నీలి కందిరీగ పాత మట్టిగూడులో దూరుతుంటే అది కాలిబియాన్ బెంగాలెన్స్, ఎవరో కట్టిన ఇంట్లో కాపురం పెడుతోంది. ఆకుపచ్చ నీలం లోహపు మెరుపుతో, ఒళ్ళంతా గుంటలు గుంటలుగా ఉన్నది గూడును తడుముతుంటే అది స్టిల్బమ్ లాంటి కోకిల కందిరీగ, లోపలున్న పిల్లను తినే పిల్లను పెట్టడానికి వచ్చింది.

ఒక ఫొటో మీద చేసి చూద్దాం

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అనుకోండి. సున్నం గోడ, ఇటుకరంగు కందిరీగ, పక్కనుంచి తీసింది. రెక్క సన్నని గీతలా ఉంది, అంటే మడిచింది, సెలిఫ్రాన్ పోయింది. మొహం కింద పొడుగాటి ముక్కు, అంటే కాగితపు కందిరీగ పోయింది. ఛాతీ తర్వాత పొడవైన కాడ, రింకియం పోయింది. కాడ చివర దాకా నిదానంగా వెడల్పయింది, ఎక్కడా గంటలా ఉబ్బలేదు, డెల్టా. మీసం చివర కొక్కెం లేదు, దవడల మధ్య తడి మట్టి ఉండ ఉంది, ఆడది. టీ2 మొదట్లో నల్ల పట్టీ, ఆ తర్వాత అంతా ఎరుపు. ఛాతీ పైభాగం మాత్రం వెలుతురు కొట్టి తెల్లబడింది, కనబడటం లేదు. ఇక్కడ ఆగాలి. "డెల్టా, ఆడ, బహుశా కోనాయిడియం" అని రాసి వదిలేయాలి. ఛాతీ కనిపించే ఇంకో ఫొటో వస్తే ఆ "బహుశా" తీసేయొచ్చు.

ఫొటో ఎలా తీస్తే ఇదంతా కనిపిస్తుంది

పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మొహం మీంచి ఒకటి. మూడూ దొరకకపోతే పక్కనుంచి తీసినదే ఎక్కువ పనికొస్తుంది. ఎగిరే కందిరీగ వెనక పరుగెత్తకండి, కట్టే గూడు దగ్గర కూర్చోండి, మట్టి కోసం వెళ్ళినది మళ్ళీ అక్కడికే వస్తుంది. కారే కుళాయి, కుండీ అడుగున తడి మట్టి కూడా మంచి చోట్లే. ఒంటరి కందిరీగలు గూటి కోసం మూకగా మీద పడవు, చేత్తో నొక్కితే తప్ప కుట్టడం అరుదు, కాబట్టి టెన్షన్ లేకుండా దగ్గరికి వెళ్ళొచ్చు. ఫోన్‌ని జూమ్ చేసేబదులు వీడియో తీసి అందులోంచి స్పష్టమైన ఫ్రేమ్ పట్టుకోవడం చాలాసార్లు బాగా పనిచేస్తుంది. అది ఎగిరిపోయాక గూడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఒక ఫొటో తీస్తే కొలత కూడా ఉంటుంది.

ఫొటో పెట్టి జీవుల పేరు కనుక్కునే ఐనాచురలిస్ట్ యాప్ లాంటి చోట పెట్టేటప్పుడు ఊరు, నెల, గూడు ఫొటో కలపండి. యాప్ ఇచ్చే మొదటి పేరు నొక్కేముందు ఆ జాతి ఏ దేశంలో ఉంటుందో చూడండి. గుంటూరులో తీసిన ఫొటోకు యూమెనెస్ ఫ్రాటర్నస్ అని వస్తే అది అమెరికా జాతి, నొక్కొద్దు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళ పెరట్లో అయితే అదే పేరు సహజమైన అనుమానం. కువైట్, దుబాయ్, మస్కట్‌లో ఉండేవాళ్ళకు ముదురు ఎరుపు, నలుపు డెల్టా కనిపిస్తే ముందు డెల్టా డిమిడియాటిపెన్నె అనుకోవాలి, అది ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా భారతదేశం దాకా ఉంది.

కిటికీ అంచున చచ్చిపడి ఉన్న కందిరీగ దొరికితే ఊడ్చేయకండి. తెల్లకాగితం మీద పెట్టి నీడలో మూడు వైపులా ఫొటోలు తీయండి, బతికున్నదాని ఫొటోలో ఎప్పుడూ దొరకని టీ2 అంచు, మీసం కొస, కాళ్ళ గోళ్ళు ఇందులో దొరుకుతాయి. ఈ కందిరీగల గోళ్ళకు లోపలి వైపు పన్ను ఉంటుంది, కాగితపు కందిరీగ గోరు నున్నగా ఉంటుంది. తర్వాత అగ్గిపెట్టెలో దూది వేసి, ఊరు, తేదీ రాసిన చీటీతో దాచండి. ఎత్తేటప్పుడు పొట్ట చివర పట్టుకోవద్దు, చచ్చినా ముల్లు గుచ్చుకుంటుంది.